లాకీషులో ప్రార్థించినవాళ్ళు

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల మన గ్రామ సంఘాల వారికి, సుగ్గికి గుంటూరు వైపు పోయి అక్కడి గుడారాల్లో రాత్రిపూట ఫోన్లో ఇది చదువుకుంటున్న వారికి మరీ మరీ వందనాలు.

ఈ నెల శుక్రవారం ఉపవాస కూడికల్లో రెండవ రాజుల గ్రంథం 18, 19 అధ్యాయాలు ధ్యానిస్తున్నామని మీకు తెలుసు. హిజ్కియా రాజు, అష్షూరు రాజు సన్హెరీబు. క్రీస్తుకు పూర్వం 701వ సంవత్సరం నాటి సంగతి. అప్పటికి ఇరవై ఏళ్ళ క్రితమే ఉత్తరాన షోమ్రోను పోయింది. ఇశ్రాయేలు పది గోత్రాలు చెరలోకి పోయాయి. పక్కన ఉన్న చిన్న చిన్న రాజ్యాలు ఒక్కొక్కటే కప్పం కట్టి తల వంచాయి. ఐగుప్తు వస్తుందని కొందరు ఆశపడ్డారు గాని ఆ ఆశ నిలబడేది కాదని యెషయా ముందే చెప్పాడు. చివరకు మిగిలింది యెరూషలేము ఒక్కటే. కొండ మీద ఒక పట్టణం, చుట్టూ గోడ, గోడ బయట లోకంలోకెల్లా పెద్ద సైన్యం.

రబ్షాకే వచ్చి నిలబడిన చోటు గమనించారా? చాకిరేవు దారిలో, మెరక కొలను కాలువ దగ్గర. అంటే నీళ్ళ దగ్గర. గోడ మీద ఉన్న జనానికి వినబడేలా, వాళ్ళకు అర్థమయ్యే యూదుల భాషలోనే మాట్లాడాడు. మాకు సిరియా భాష వచ్చు, ఆ భాషలో చెప్పవయ్యా అని రాజు మనుషులు బతిమాలుకున్నా వినలేదు. ఆకలి, దప్పిక ఎలా ఉంటాయో గోడ మీదున్న మామూలు మనిషికి చెప్పి భయపెట్టడమే అతని పని. రెండు వేల గుర్రాలిస్తాను, ఎక్కేవాళ్ళు మీకున్నారా అని ఎగతాళి కూడా చేశాడు. జనం మాత్రం ఒక్క మాట తిరిగి అనలేదు. రాజు అనొద్దన్నాడు, వాళ్ళు అనలేదు. ఆ మౌనం గురించే ఒక శుక్రవారమంతా మాట్లాడుకున్నాం.

సరే, ఆ తర్వాత జరిగింది మీకు తెలిసిందే. హిజ్కియా ఆ ఉత్తరాన్ని మందిరానికి తీసుకుపోయి దేవుని ముందు పరిచాడు. యెషయా దగ్గర నుంచి జవాబు వచ్చింది. ఒక్క రాత్రిలో అష్షూరు దండులో లక్షా ఎనభై అయిదు వేల మంది చనిపోయారు. సన్హెరీబు నీనెవెకు తిరిగిపోయాడు. పట్టణం మిగిలింది.

ఆ శుక్రవారం రాత్రే మన సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక తమ్ముడు 1940 నాటి ఇంగ్లండు సంగతి పెట్టాడు. చాలామంది దాన్ని ఇతర గ్రూపులకు పంపారు. జరిగిన విషయమే అది. ఆ ఏడాది మే నెలలో హిట్లరు సైన్యం ఫ్రాన్సును తొక్కుకుంటూ సముద్రం దాకా వచ్చింది. బ్రిటిష్ సైన్యం డంకర్క్ తీరంలో చిక్కుకుపోయింది. ఆరవ జార్జి రాజు మే 26 ఆదివారాన్ని దేశమంతటికీ ప్రార్థన దినంగా ప్రకటించాడు. గుళ్ళు నిండిపోయాయి. ఆ సాయంత్రమే ఓడలు కదిలాయి. జూన్ 4వ తేదీకి 3,38,226 మందిని సముద్రం దాటించారు. పెద్ద ఓడలతో పాటు చేపల పడవలూ వెళ్ళాయి. తర్వాత ఫ్రాన్సు లొంగిపోయింది. ఆ వేసవంతా ఇంగ్లండు దండయాత్ర ఎప్పుడొస్తుందోనని ఎదురుచూస్తూ నిలబడింది. చివరకు ఆ దండయాత్ర రాలేదు.

హిజ్కియా కథకు ఇంత బాగా సరిపోయే సంగతి మళ్ళీ దొరకదని ఆ తమ్ముడు రాశాడు. నిజమే, సరిపోతుంది. అయితే మరుసటి శుక్రవారం కూడిక అయ్యాక, మన సంఘంలోనే పెద్ద వయసు అవ్వ ఒకామె చాప చుట్టుకుంటూ అడిగింది. "అయ్యగారూ, ఆ తీసేసుకున్న ఊర్లల్లో దేవుని బిడ్డలు లేకుండిరా?"

ఆమె చదువుకోలేదు. వాక్యం విని గుర్తుపెట్టుకుంటుంది. 18వ అధ్యాయం 13వ వచనాన్ని పట్టుకుని ఆ ప్రశ్న అడిగింది. యూదా దేశంలో ప్రాకారాలున్న పట్టణాలన్నింటినీ సన్హెరీబు పట్టుకున్నాడని అక్కడ ఒక్క వాక్యంలో ఉంది. మనం ఆ వచనాన్ని పరుగున చదివి యెరూషలేము గుమ్మం దగ్గరికి పోతాం. అవ్వ అక్కడే ఆగిపోయింది. మేమూ ఆమెతో పాటు ఆగి, కొన్ని వారాలుగా దాని మీదే చదువుతున్నాం, ప్రార్థిస్తున్నాం.

ఆ పట్టణాలు ఎన్నో సన్హెరీబే లెక్క రాయించుకున్నాడు. మట్టితో కాల్చిన ఆరు పలకల దిమ్మె ఒకటి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. గోడలున్న 46 పట్టణాలు పట్టుకున్నాననీ, రెండు లక్షల మందికి పైగా జనాన్ని తోలుకుపోయాననీ, హిజ్కియాను పంజరంలో పిట్టలాగా యెరూషలేములో మూసిపెట్టాననీ అందులో చెప్పుకున్నాడు. రాజులు రాయించుకున్న లెక్కలు కాబట్టి కొంత తగ్గించుకుని చదవాలి. అయినా యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం ఎక్కడా అనలేదు. వాక్యం చెప్పేదీ అదే.

నీనెవెలోని తన మేడ గోడల మీద అతడు చెక్కించుకున్నది యెరూషలేమును కాదు, లాకీషును. ఆ రాతి పలకలూ ఇప్పుడు అదే మ్యూజియంలో ఉన్నాయి. ఫొటోలు చూడాలనుకున్నవారు ఫోన్లో వెతికితే దొరుకుతాయి. చిన్నపిల్లలకు మాత్రం చూపించకండి, కొన్ని దృశ్యాలు భయంకరంగా ఉంటాయి. ఒక పక్కన గోడ మీదికి మట్టిదిబ్బ కట్టి ఎక్కుతున్న సైనికులుంటారు. ఇంకో పక్కన పట్టణం విడిచిపోతున్న కుటుంబాలుంటాయి. ఎద్దుల బండి, బండి మీద మూటలు, మూటల మీద ఆడవాళ్ళు, పిల్లలు. మేము ఆ బొమ్మను చాలాసేపు చూశాం. మన కోసిగి, కౌతాళం వైపు ఊళ్ళ నుంచి సుగ్గికి కదిలే కుటుంబాలను చూసిన కళ్ళు మనవి. వాళ్ళ మీద ఏ సన్హెరీబూ రాలేదు, వానలు రాలేదు, అంతే. సామాను మీద పిల్లను కూర్చోబెట్టుకున్న తల్లి మాత్రం అక్కడా ఇక్కడా ఒకేలా కూర్చుంటుంది.

ఇప్పుడు మన ఊరి సంగతికి రావాలి. అవ్వ ప్రశ్నకు జవాబు వెతకడానికి నీనెవె దాకా పోనక్కర్లేదు. ఎమ్మిగనూరు నుంచి ఆదోని వచ్చే దారిలో ఆ కొండలు మనకు రోజూ కనబడుతూనే ఉంటాయి.

ఆదోని కోట ఒక కొండ మీద కట్టింది కాదు, గుండ్రంగా నిలబడిన అయిదు కొండల మీద కట్టింది. వాటిలో పెద్దవి బారాకిల్లా, తాలిబండ. బారాకిల్లా ఎక్కే దారిలో సగానికి వచ్చేసరికి ఒక కొలను ఉంది. అందులో నీళ్ళు ఎప్పటికీ ఎండవని చెప్పుకుంటారని ఇంగ్లీషువాళ్ళ కాలపు గెజెటీరులో రాశారు. ఇంత ఎండల సీమలో, కొండ నడుమన ఎండని కొలను ఉండబట్టే ఇది కోట అయింది. నీళ్ళు లేకపోతే ఎంత గోడ కట్టినా అది కోట కాదు. హిజ్కియాకు ఈ సంగతి బాగా తెలుసు. రెండవ దినవృత్తాంతములు 32 చదవండి. సన్హెరీబు రాకముందే పట్టణం బయటి ఊటలు పూడ్పించి, గీహోను నీళ్ళను కొండ కింద నుంచి పట్టణం లోపలికి మళ్ళించాడు. ఆ సొరంగం ఇప్పటికీ ఉంది, 533 మీటర్లు. రెండు వైపుల నుంచి రెండు గుంపులు తొలుచుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకున్నారని లోపలి గోడ మీద చెక్కిన రాత 1880లో బయటపడింది. రాయి తొలిచిన చేతులే మందిరంలో ఉత్తరం పరిచే రోజు కోసం కూడా సిద్ధపడ్డాయన్నమాట. బోరు వేయించడం అవిశ్వాసమా అని మనలో ఒకరు అడిగారు కదా, దానికి ఇది చాలు.

ఈ కోట విజయనగర రాజులకు ఉత్తరపు తలుపు లాంటిది. తుంగభద్ర దాటి వచ్చిన బహమనీ సుల్తానులు ముందు దీని మీదికే వచ్చేవారు. 1375 నుంచి 1378 దాకా మూడేళ్ళే ఏలిన ముజాహిద్ షా దీన్ని ముట్టడించిన సంగతి ఫెరిష్తా అనే చరిత్రకారుడు రాశాడు. ఆయన బిజాపూర్ కొలువులో ఉండి రెండు వందల ఏళ్ళ తర్వాత రాసినవాడు కాబట్టి కొంచెం జాగ్రత్తగా తీసుకోవాలి. ఆయన చెప్పిన ప్రకారం ముట్టడి తొమ్మిది నెలలు సాగింది. కోటలో నీళ్ళు అడుగంటాయి. లొంగిపోవడమే తరువాయి అన్నప్పుడు వాన పడింది. లోపల కొలనులు నిండాయి. బయట దండులో తిండి కరువైంది, విరేచనాల రోగం ప్రబలింది. సుల్తాను ముట్టడి ఎత్తేసి పోయాడు. ఎండని కొలను ఉండగా నీళ్ళు ఎలా అడుగంటాయంటారా? చుట్టుపక్కల ఊళ్ళ జనమంతా కోటలో చేరి తొమ్మిది నెలలు తాగితే ఏ కొలనైనా ఎంతకని ఆగుతుంది.

ఇది చదివినప్పుడు మాకు ఒళ్ళు జలదరించింది. ఇది హిజ్కియా కథే కదా. చివరి ఘడియలో విడుదల, బయట దండులో రోగం, శత్రువు వెనుదిరగడం, అన్నీ ఉన్నాయి. ఇక్కడితో ఆపేస్తే చక్కటి ప్రసంగం అవుతుంది.

కానీ అదే కోట, అవే కొండలు, అదే కొలను. 1565లో తళ్ళికోట యుద్ధంలో విజయనగరం ఓడిపోయింది. మూడేళ్ళకు, 1568లో ఆదోని బిజాపూర్ వారి చేతికి పోయింది. ఆ ఏడు వాన కాపాడలేదు.

నూట ఇరవై ఏళ్ళు గడిచాయి. ఔరంగజేబు దక్కనుకు వచ్చి కూర్చున్నాడు. 1686లో బిజాపూర్ పడింది. 1687లో గోల్కొండ పడింది. తన రాజ్యమే పోయాక కూడా ఆదోని కోట మాత్రం మొగలులకు తలుపు తీయలేదు. అప్పుడు దాన్ని పట్టుకుని ఉన్నవాడు సిద్ది మసూద్. ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీల సంతతివాడు, అంతకుముందు బిజాపూర్ రాజ్యపు పగ్గాలు పట్టుకుని తర్వాత ఇక్కడికి వచ్చేసినవాడు. ఎవరి పేరున కోటను కాపాడుతున్నాడో ఆ రాజు సింహాసనం మీద లేడు, సాయం వచ్చే దిక్కు లేదు. ఒంటరితనం అంటే అది. 1688లో ఫిరోజ్ జంగ్ అనే సేనాని ఈ కోట మీదికి వచ్చాడు. తర్వాత హైదరాబాద్ నిజాముల వంశానికి మూలపురుషుడైన ఆసఫ్ జా తండ్రి ఈయనే.

కోట ఎలా దిగివచ్చిందన్న దాని గురించి ఆదోనిలో పెద్దలు తరతరాలుగా ఒక మాట చెప్పుకుంటారు. కింద ఊళ్ళో ఉన్న జామియా మసీదును మసూద్ ప్రాణంగా చూసుకునేవాడట. ఆ సంగతి తెలిసి మొగలులు ఫిరంగులను కోట వైపు కాకుండా మసీదు వైపు తిప్పారట. దానికి దెబ్బ తగలడం చూడలేక ఆయన కోట అప్పగించేశాడట. చరిత్ర పుస్తకాల్లో ముట్టడి సంగతి ఉంది, ఇది మాత్రం ఊరి నోట నిలిచిన మాట. మసీదు ఇప్పటికీ ఉంది. ఆ వీధిలో నడిచే మన పిల్లలకు ఈ కథ చెప్పండి, పరాయివాళ్ళ కథ అనుకోకండి.

హిజ్కియా ఏం చేశాడో కూడా 18వ అధ్యాయంలోనే ఉంది, మనం ఎక్కువగా చదవని చోట. లాకీషులో ఉన్న సన్హెరీబుకు మొదట లొంగుబాటు కబురు పంపాడు. మూడు వందల మణుగుల వెండి, ముప్పై మణుగుల బంగారం కట్టడానికి దేవుని మందిరపు తలుపుల బంగారం ఒలిపించి ఇచ్చాడు. పట్టణం కోసం ఒకడు మందిరపు బంగారం ఒలిచాడు. ప్రార్థనా స్థలం కోసం ఇంకొకడు పట్టణం వదులుకున్నాడు. ఎవరిది సరైన పనో తీర్పు చెప్పే స్థానంలో మేము లేము. ఇద్దరూ ఏ దారీ లేనప్పుడు చేసిన పనులవి.

ఫిరోజ్ జంగ్‌కు ఆ తర్వాత ప్లేగు సోకి కళ్ళు పోయాయి. దాన్ని దేవుడిచ్చిన శిక్ష అని ప్రసంగించడం చాలా సులువు. మేము ఆ పని చేయం. ఆ ప్లేగులో దండులోని వంటవాళ్ళు, ఒంటెలు తోలేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళు ఏ కోట మీదా ఫిరంగి తిప్పమని చెప్పినవాళ్ళు కాదు.

మూడోసారి 1786లో. అప్పుడు ఆదోని నిజాం అలీ సోదరుడైన బసాలత్ జంగ్ కుటుంబం చేతిలో ఉంది. బసాలత్ చనిపోయి నాలుగేళ్ళయింది, కొడుకు మహబత్ జంగ్ ఏలుతున్నాడు. టిప్పు సుల్తాన్ వచ్చి చుట్టుముట్టాడు. ఈసారి ఆదోని ఒంటరి కాదు. నిజాం సైన్యం, మరాఠాల సైన్యం కలిసి సాయానికి వచ్చాయి. వచ్చి ఏం చేశాయో తెలుసా? కోటలో ఉన్న నవాబు కుటుంబాన్ని భద్రంగా బయటకు తెచ్చి, వానలకు తుంగభద్ర పొంగితే దారి మూసుకుపోతుందని గబగబా నది దాటించుకుపోయాయి. టిప్పు కోటలోకి నడిచి వచ్చాడు. గోడలు పడగొట్టించి, ఫిరంగులు, సామగ్రి గుత్తి వైపు, బళ్ళారి వైపు తరలించాడు. ఇప్పుడు మీరు కొండ మీద చూసే విరిగిన గోడల వెనుక ఆ సంగతి కూడా ఉంది.

సాయం వచ్చింది, కావలసిన వాళ్ళను తీసుకుపోయింది. కింద పేటలో నేత నేసేవాళ్ళు, నూనె గానుగవాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు, కొండ ఎక్కడానికి కూడా అనుమతి లేని వాడల వాళ్ళు అక్కడే ఉన్నారు. వాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు. మన సంఘంలో ఎక్కువమందిమి వాళ్ళ సంతానమే. కోటలో దాక్కునే హక్కు లేనివాళ్ళ మనవలం, మునిమనవలం.

1940 సంగతి కూడా ఇలా దగ్గరికి వెళ్ళి చూస్తే ఇంకొంచెం కనబడుతుంది. దేశమంతా ప్రార్థించిన అదే మే 26న డంకర్క్‌కు దగ్గరలోనే ఉన్న కలే అనే రేవులో బ్రిటిష్ దళం శత్రువు చేతికి చిక్కింది. మిమ్మల్ని తీసుకుపోవడానికి ఓడలు రావు, చివరిదాకా పోరాడండి అని వాళ్ళకు పైనుంచి ఆజ్ఞ వచ్చింది. వాళ్ళు నిలబడినందువల్లే డంకర్క్‌లో వాళ్ళకు సమయం దొరికిందని చాలామంది అంటారు. జూన్ 12న స్కాట్లాండు కొండసీమ సైనికుల డివిజన్ ఒకటి సెయింట్ వాలరీ అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో లొంగిపోయింది, పొగమంచులో ఓడలు దగ్గరికి రాలేకపోయాయి. వేలమంది అయిదేళ్ళు చెరలో గడిపారు. వాళ్ళ ఇళ్ళలో తల్లులు ఆ ఆదివారం గుడికి పోకుండా ఉంటారా? వాళ్ళ ప్రార్థన తక్కువదా?

ఇంగ్లండు ఒంటరిగా నిలబడిందనే మాట మీద కూడా ఒకటి చెప్పాలి. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో మన దేశంలో ఎవరినీ అడగకుండానే భారతదేశం కూడా యుద్ధంలో ఉందని ప్రకటించాడు. యుద్ధం ముగిసేనాటికి మనవాళ్ళు పాతిక లక్షల మంది ఆ సైన్యంలో ఉన్నారు. డంకర్క్ ఇసుకలో కంచరగాడిదలు తోలిన మన సిపాయిలున్నారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను బాంబులు పడ్డాయి. ఒంటరిగా నిలిచామని చెప్పుకునేవాళ్ళ వెనుక లెక్కలోకి రానివాళ్ళు ఎప్పుడూ ఉంటారు. హిజ్కియా విషయంలో కూడా అంతే, యెరూషలేము ఒంటరిగా నిలబడే నాటికి 46 ఊళ్ళు దాని ముందు నిలబడి పడిపోయి ఉన్నాయి.

మరి వాక్యం వాళ్ళను మరచిపోయిందా? ఇక్కడే మేము మీకు మీకా ప్రవక్తను గుర్తుచేయాలి. యెషయా రాజధానిలో ఉన్న ప్రవక్త, రాజు కబురు పెడితే జవాబు పంపగలిగినవాడు. మీకా అదే కాలంలో పల్లెటూరి ప్రవక్త, మోరష్తీయుడు. ఆయన ఊరు లాకీషుకు దగ్గరే. మీకా మొదటి అధ్యాయం చదవండి. ఒక్కొక్క ఊరి పేరు పెట్టి ఏడుస్తాడు. లాకీషు పేరుంది, ఆయన సొంత ఊరి పేరుంది. చెప్పుల్లేకుండా, బట్టల్లేకుండా తిరుగుతూ నక్కలాగా ఊళ పెడతానంటాడు. లాకీషు మీద నింద కూడా మోపాడు, రథాలను నమ్ముకున్న ఊరని. అయితే నింద మోపిన నోటితోనే ఏడ్చాడు. దూరంగా నిలబడి వాళ్ళకు విశ్వాసం చాలలేదని వ్యాఖ్యానం చేయలేదు. యెరూషలేము విడుదల గురించి బైబిల్లో మూడు చోట్ల రాసి ఉంది. పడిపోయిన ఊళ్ళ కోసం ఒక ఏడ్పు కూడా దేవుడు రాయించి ఉంచాడు.

హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయం చివరి భాగం కూడా దీని పక్కన పెట్టుకుని చదవండి. విశ్వాసం వల్ల కత్తి అంచును తప్పించుకున్నవాళ్ళు అక్కడ ఉన్నారు. మూడు వచనాలు దాటగానే కత్తితో చంపబడినవాళ్ళున్నారు. రెండు గుంపులనూ ఒకే విశ్వాసం కిందే లెక్కపెట్టాడు ఆ రాసినవాడు. మధ్యలో గీత గీయలేదు. అపొస్తలుల కార్యములు 12లో పేతురు చెరసాల తలుపులు తెరుచుకున్నాయి. అదే అధ్యాయం మొదట్లో యాకోబును హేరోదు కత్తితో చంపించాడు. సంఘం ఒక్కటే.

ఇంకో మాట. విడుదల పొందిన యెరూషలేము దాన్ని ఏం చేసుకుందో కూడా చూడాలి. నూరేళ్ళు గడిచేసరికి, ఈ పట్టణానికి ఏమీ కాదు, ఇక్కడ మందిరం ఉంది అనే ధీమా జనంలో పాతుకుపోయింది. యిర్మీయా 7వ అధ్యాయం ఆ ధీమా మీదే. ఆయన్ని చంపాలని చూశారు కూడా. అప్పుడు 26వ అధ్యాయంలో కొందరు పెద్దలు లేచి, హిజ్కియా రోజుల్లో మీకా కూడా ఇలాగే హెచ్చరించాడని గుర్తుచేశారు. చివరికి క్రీస్తుకు పూర్వం 586లో యెరూషలేమూ లాకీషు దారినే పోయింది. దేవుడు ఒకసారి చేసిన మేలును మనం ఎప్పటికీ చెల్లే చీటీగా మార్చుకుంటే వచ్చే చిక్కు ఇది. వాన వచ్చి నిలిచిన ఆదోని కూడా రెండు వందల ఏళ్ళు ఆ కథ చెప్పుకునే ఉంటుంది.

ఇదంతా ఎందుకు రాస్తున్నామంటే, మన సాక్ష్యాల సమయం గురించి. ఏ సంఘంలోనైనా సాక్ష్యం అంటే జవాబు దొరికినవాళ్ళు లేచి చెప్పడమే వాడుక. బోరులో నీళ్ళు పడ్డాయి, బిడ్డకు ఉద్యోగం వచ్చింది, ఆపరేషన్ బాగా జరిగింది. అవి వినడం మాకు ఎంతో సంతోషం, మానమని చెప్పడం లేదు. కానీ అదే చాప మీద, అదే ఉపవాసం చేసి, మూడు బోర్లు వేయించినా దుమ్ము తప్ప ఏమీ రానివాళ్ళు కూర్చుని ఉంటారు. మొన్న పత్తి రేటు పడిపోయి అప్పు మిగిలినవాళ్ళు ఉంటారు. కర్నూలు పెద్దాసుపత్రి నుంచి మనిషి లేకుండా తిరిగొచ్చిన ఇల్లు ఉంటుంది. పక్కవాళ్ళ సాక్ష్యానికి వాళ్ళూ చప్పట్లు కొడతారు, హల్లెలూయా అంటారు. ఇంటికి పోయాక భార్య భర్తను అడిగే ప్రశ్న మాకు తెలుసు. మనమేం తప్పు చేసినాం, మన ప్రార్థనలో ఏం లోటు అని. ఆ ప్రశ్న వాళ్ళ గుండెలో వేసేది ఎక్కువసార్లు రబ్షాకే కాదు, మన మాటలే. ఇంకొంచెం విశ్వాసం ఉంటే జరిగేదమ్మా అనే మాట మన సంఘంలో ఎవరి నోటా రాకూడదని మా మనవి.

యెషయా ద్వారా హిజ్కియాకు దేవుడిచ్చిన గురుతు ఏమిటో రైతులు మరొక్కసారి చదవాలి, 19వ అధ్యాయం 29వ వచనం. ఈ ఏడు తనంతట మొలిచినది తినండి, వచ్చే ఏడు కూడా దాని నుంచి మొలిచినదే తినండి, మూడో ఏడు విత్తండి, కోయండి అని. దండు ఒక్క రాత్రిలో పోయింది గాని పొలం దారిలో పడడానికి మూడేళ్ళు పట్టింది. గోడ బయటి పొలాలన్నీ తొక్కేసి పోయారు మరి. విడుదల పొందిన ఊరికే అంత కాలం పట్టిందంటే, పడిపోయిన 46 ఊళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. అయినా తర్వాతి కాలంలో లాకీషులో మళ్ళీ జనం ఉన్నారు, మళ్ళీ గోడ కట్టుకున్నారు. యిర్మీయా కాలానికి అది మళ్ళీ ప్రాకారాలున్న పట్టణమే. ఆదోనిలో కూడా గోడలు పడగొట్టించుకున్న ఊరు పత్తి బేరాలకు, నూనె మిల్లులకు రెండో బొంబాయి అని పేరు తెచ్చుకుంది. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు చేనేతవాళ్ళను కూడగట్టి సహకార సంఘం పెట్టారు, ఆ మగ్గాల చప్పుడు మధ్యే మనలో కొందరు పెరిగారు. కోటలో చోటు దొరకని పేటవాళ్ళే ఈ ఊళ్ళను నిలబెట్టారు.

అవ్వకు జవాబు చెప్పాం. ఉన్నారవ్వా, అక్కడా దేవుని బిడ్డలు ఉన్నారు, వాళ్ళ కోసం ఏడవడానికి ఒక ప్రవక్తను కూడా పెట్టాడు దేవుడు అని. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే ఆ ఏడ్పు పుస్తకం కూడా సదవండి మాకు" అంది.

అందుకని వచ్చే శుక్రవారం నుంచి మీకా గ్రంథం మొదలుపెడుతున్నాం. సాయంత్రం ఏడు గంటలకు, ఎప్పటి చోటే. ప్రతి నెలా మొదటి ఆదివారం సాక్ష్యాల సమయంలో సగం, జవాబు రానివాళ్ళకు ఉంచాలని సంఘ పెద్దలతో మాట్లాడుకున్నాం. లేచి చెప్పాలనే బలవంతం లేదు. చెప్పేవాళ్ళకు మధ్యలో ఎవరూ సలహాలు ఇవ్వొద్దు, వాక్యం ఎత్తి చూపొద్దు, గోడ మీది జనంలాగా ఊరకే వినండి. సుగ్గికి పోయిన పన్నెండు కుటుంబాలు ఉగాదికి తిరిగొస్తాయి. వాళ్ళ వంతు అప్పటిదాకా అలాగే ఉంచుతాం.